రోజేర్ మామ అంటించిన అక్కర్లేని ప్రకటన

మా ఊళ్ళో రొట్టెలు కాల్చే రోజేర్ మామ దగ్గర ఉద్యోగానికి నేను పదకొండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళాను. పదకొండుసార్లూ తప్పాను. తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి. తప్పడంలో నన్ను మించినవాడు కెనడాలోని ఈ గాస్పే తీరం మొత్తం మీద లేడు.

బయటి దేశం నుంచి పనివాణ్ణి తెచ్చుకోవాలంటే అప్పట్లో నాలుగు వారాలు ప్రకటన వెయ్యాలి. వచ్చిన మనవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఎవరు ఎందుకు పనికిరారో కారణం రాసి సర్కారుకు పంపాలి. మిగతా యజమానులు ఈ తతంగాన్ని తిట్టుకునేవారు. మామ మాత్రం ఆ నాలుగు వారాలూ రోజూ గడ్డం గీసుకునేవాడు. భార్య పోయాక ఆ ఇంట్లో రెండో కుర్చీ లాగిన చప్పుడు వినపడేది అప్పుడే. ఉద్యోగం అక్కర్లేని ఊరంతా వెళ్ళి కాఫీ తాగి, చక్కెర పై అనే తీపి రొట్టె తిని వచ్చేది. ఆ తీపి రొట్టె వాసనకి తిమింగలాలు ఒడ్డుకొచ్చి వరసలో నిలబడితే నేనే నచ్చజెప్పి పంపించాను. నమ్మకపోతే వాటినే అడగండి.

"తెల్లారకముందే లేవగలవా, గిస్లాన్?" అనేవాడు మామ, కలం పట్టుకుని.

"పడుకుంటే కదా మామా, లేవడానికి!"

"రాస్తున్నా. పిండి కంటే ముందు వీడే పొంగుతాడు."

పోయినేడాది రొట్టెల పని కూడా సర్కారువారి సులువు జాబితాలోకి ఎక్కింది. ప్రకటన అక్కర్లేదు, ఇంటర్వ్యూలు అక్కర్లేదు, కాగితాలు నింపి పంపితే చాలు. మోన్సెఫ్ అనే ట్యునీషియా అతనికి చకచకా అనుమతి వచ్చేసింది. అదృష్టవంతుడివి మామా అన్నారు అందరూ. ఆ తర్వాత ఎవరూ ఆ గడప తొక్కలేదు.

రెండు వారాలు చూసి మామ పోస్టాఫీసు గోడ మీద ప్రకటన అంటించాడు. రేడియోవాళ్ళకీ ఫోన్ చేశాడు.

"ఉద్యోగం ఇచ్చేశావు కదయ్యా?" అన్నాను.

"వచ్చేది మీరేగా. మీలో ఎవడికి కావాలిరా ఉద్యోగం?"

ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు కనుక ఎవరూ వెళ్ళలేదు. మూడో వారంలో నాకే మనసొప్పక వెళ్ళాను. రెండో కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. పేరు ఓడెట్. మాంట్రియల్లో ముప్ఫై ఏళ్ళు రొట్టెలు కాల్చిందట, పనిచేసిన చోటు మూతపడిందట. ఇక్కడి చుట్టమెవరో రేడియోలో విని చెబితే రాత్రంతా బస్సులో వచ్చింది. పక్కన పెట్టె, ఒళ్ళో గుడ్డలో చుట్టిన సొంత అప్పడాల కర్ర.

మామ ఏమీ అడగడం లేదు. చక్కెర పై కోస్తున్నాడు, ఇంకా కోస్తున్నాడు.

"ఎప్పట్నుంచి రమ్మంటారండీ?" అందావిడ.

"ఉద్యోగం లేదమ్మా. ఒకతనికి మాట ఇచ్చాను. అక్కడ ఇల్లు కూడా ఖాళీ చేసేశాడు."

"మరి ఆ ప్రకటన?"

మామ కత్తి కింద పెట్టాడు. "ఎవరైనా వస్తారని."

"వచ్చాను కదా," అంది ఓడెట్.

 

ఆవిడ చక్కెర పై ముట్టుకోలేదు. మామ పెట్టె అందుకోబోతే తనే లాక్కుంది. సాయంత్రం బస్సు దాకా పెట్రోలు బంకు ముందు బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. మామ రెండుసార్లు కిటికీ దాకా వెళ్ళి చూశాడు.

బస్సు వెళ్ళాక ఏప్రాన్ విప్పకుండానే పోస్టాఫీసుకు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. ప్రకటన ఒక్కో మూలా ఊడదీసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మామా, రేపు నేనొస్తాలే," అన్నాను.

"దేనికిరా?"

నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి ఇంటివైపు నడిచాడు.