చప్పుడు చేయని గాజులు

గాజుకు దారం చుట్టేటప్పుడు నేను లెక్క పెట్టను. చుట్టుకో నామం అనుకుంటాను. అమ్మవారి పేరొకటి, పట్టుదారం చుట్టొకటి. మనసు పక్కకు పోయిన చోట దారం ఒకదానిమీదొకటి ఎక్కి కనిపిస్తుంది. అప్పుడు అక్కడిదాకా విప్పి మళ్లీ మొదలుపెడతాను. దీన్ని పూజ అనడానికి నాకు ధైర్యం చాలదు, ఉత్త పని అనడానికి మనసొప్పదు. ఎల్బీనగర్‌లో మేం అద్దెకుండే ఇంటి పై వాటాలో, వంటిల్లు సర్దేశాక మధ్యాహ్నం ఎండ బాల్కనీ గ్రిల్ దాటి గదిలోకి వచ్చే వేళ, ఆ కాసేపు నాకు దక్కినందుకు స్వామికి దణ్ణం పెట్టుకుంటాను.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. బాపట్ల దగ్గర మా ఇంట్లోనే అమ్మ చదువు చెప్పింది. ఆమెకు పలక మీదకన్నా ఇంట్లో వస్తువుల మీద నమ్మకం ఎక్కువ. చింతగింజో, తాళంకప్పో, పాడైపోయిన గడియారమో చేతిలో పెట్టి, "ఇది ఎందుకిలా ఉందో చూసి చెప్పు" అనేది. జవాబు తప్పయితే కోప్పడేది కాదు. చూడకుండా చెబితే మాత్రం ఊరుకునేది కాదు. ఆ అలవాటు నన్ను వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్ బజారులో జూకాలు కనిపిస్తే ఇప్పటికీ వాటిని వెనక్కి తిప్పి, ఏం అంటించారో, ఎక్కడ ముడి దాచారో చూస్తాను. ఇంటికొచ్చి పాత ప్లాస్టిక్ గాజులు, జాకెట్టు ముక్కలు, మిఠాయి పెట్టెల అట్టలు ముందేసుకుని కూర్చుంటాను. కుదిరితే ఎవరికో ఒకరికి ఇస్తాను. కుదరకపోతే ఎందుకు కుదరలేదా అని రెండు రోజులు ఆలోచిస్తాను.

కింద వాటాలో ఇంటి ఓనర్లు ఉంటారు. ఓనరమ్మను నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. ఆమె అత్తగారు పెద్దావిడ. వీధి మొత్తానికీ ఆమె అవ్వే. అక్క కోడలు పెళ్లైన చాలా ఏళ్లకు నెల తప్పింది. ఆ కబురు తెలిసిన రోజు మా ఇంట్లో కూడా పాయసం చేసుకున్నాం.

ఆ అమ్మాయికి ఏడో నెలలో ఒక మధ్యాహ్నం అక్క మెట్లెక్కి వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"చెల్లె, పిల్ల చేతులు చూసినవా? బూరెల లెక్క ఉబ్బినయి. డాక్టరమ్మ బీపీ చూస్కుంటుండమన్నది. మొన్న మా ఆడబిడ్డ ముద్దుగ రెండు గాజులు తెచ్చి ఏస్తుంటే ఒకటి పటుక్కుమన్నది. రక్తమొచ్చింది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలే."

"అయ్యో. అమ్మాయి ఎలా ఉంది?"

"గాయం మానింది. గానీ అప్పటిసంది గాజులంటే చాలు, చేతులు దాచుకుంటున్నది. శుక్రవారం శ్రీమంతం పెట్టుకున్నం. గాజులు లేని శ్రీమంతం ఎట్లయితది? నీ దారం గాజులు చెయ్యి చెల్లె. పగుల్తయన్న భయమే ఉండొద్దు."

ఇంతకంటే ఇష్టమైన పని నాకు ఇంకొకరు చెప్పలేరు. సాయంత్రానికి చేతులు ఇంకా ఉబ్బుతాయని ఆ అమ్మాయే చెప్పింది కాబట్టి సాయంత్రమే వెళ్లాను. బొటనవేలు అరచేతిలోకి మడవమని, వేళ్ల కణుపుల చుట్టూ వదులుగా కాగితం పట్టీ తిప్పి కొలిచాను.

"ఏనుగు కాలుకు కొలత తీస్తున్నట్టున్నది ఆంటీ," అంది.

"మరి లోపల గణపయ్య ఉన్నాడేమో," అన్నాను. నవ్వింది. ఆ నవ్వుతోనే చెయ్యి మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుంది.

అన్నింటికన్నా పెద్ద సైజు ప్లాస్టిక్ గాజులు తెచ్చి చిలకాకుపచ్చ, ఎరుపు దారాలు చుట్టాను. అంచున సన్నటి బంగారు రంగు గొలుసు, మధ్యలో కుందన్లు. గమ్ ఆరాక పసుపు కుంకుమలతో పళ్లెంలో పెట్టి కిందికి తీసుకెళ్లాను. అవి ఆ అమ్మాయి చేతికి ఇట్టే ఎక్కాయి. అక్క రెండు చేతులూ జోడించి, "వెన్నల పోయినట్టు పోయినయి," అంది. నాకూ లోపల కాస్త గర్వంగానే ఉంది.

అప్పుడు మంచం మీద నుంచి అవ్వ పిలిచింది. "ఇటు రా బిడ్డా."

మనవడి భార్య చెయ్యి పట్టుకుని తన చెవి దగ్గర ఊపింది. మళ్లీ ఊపింది. నా వైపు చూసింది.

"సప్పుడేదే?"

నాకు అర్థం కాలేదు.

"శ్రీమంతానికి గాజులు ఎందుకేస్తరనుకున్నవ్? సూస్కోనీకా? లోపలున్నదానికి ఏం కనవడ్తది? అమ్మ లేచింది, అమ్మ రొట్టె చేస్తున్నది, అమ్మ ఈడనే ఉన్నదని గా సప్పుడుతోనే దానికి ఎరుకైతది. గివి ఏసుకుంటే అమ్మ ఉన్నట్టా, లేనట్టా?"

అక్కే సర్దబోయింది. "అయితే గాజు గాజులే ఏద్దాం అత్తమ్మా. సబ్బు పెట్టి, జర పైలంగ."

ఆ అమ్మాయి రెండు చేతులూ చున్నీ కిందకు తీసుకుంది. "నాకొద్దు అత్తమ్మా. అందరి ముంగట మళ్ల పగిలితే నేను తట్టుకోలేను," అంది. గొంతు చిన్నది, కానీ స్థిరంగా ఉంది. ఇన్నేళ్లు ఎదురుచూసి వచ్చిన పండుగ. ఆ రోజంతా ఆమె భయపడుతూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అవ్వ మాట తీసి పడేయడమూ ఇష్టం లేదు. పగలనిదీ మోగేదీ ఒకటి శుక్రవారానికి కావాలి.

పైకి వస్తూ మెట్ల మీదే ఆలోచన మొదలైంది. గాజులు చేసేదాన్ని నేను. వాటి రంగు చూశాను, గుండ్రం చూశాను, మెరుపు చూశాను. అవి ఎందుకు మోగుతాయో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ముందు తేలిక దారి పట్టాను. దారం గాజులకు చిన్న మువ్వలు కుట్టి తీసుకెళ్లాను. అవ్వ ఒక్కసారి ఊపి పక్కన పెట్టేసింది. "మేకపిల్లకు కట్టినట్టున్నది. మందలకు పోతదా ఏంది?" అంది. నవ్వాపుకోలేక అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత ఇంట్లో కనిపించినదల్లా తట్టడం మొదలుపెట్టాను. స్టీలు గ్లాసు, ఇత్తడి చెంబు, పింగాణీ కప్పు, కొబ్బరి చిప్ప. గ్లాసుకు తువ్వాలు చుట్టి తట్టాను. చుట్టకుండా తట్టాను. మా ఆయన పేపరు దించి, "ఏంటి, పాత సామాన్ల కొట్టు పెడుతున్నావా?" అన్నారు.

"కాసేపు మాట్లాడకండి. వింటున్నాను."

"పెళ్లైనప్పట్నుంచీ నేను మాట్లాడితే విన్నది లేదు, చెంబు మాట వింటోంది," అని మళ్లీ పేపరెత్తారు.

ఆ సాయంత్రం దీపం పెట్టి హారతి ఇస్తుంటే నా చేతి గాజులు మోగాయి. రోజూ మోగేవే. కానీ ఆ రోజు చెయ్యి ఆగిపోయింది. పళ్లెం కింద పెట్టి గాజుల మధ్యకు పైట చెంగు దూర్చి మళ్లీ ఊపాను. చప్పుడు లేదు. చెంగు తీశాను. మోగాయి. ఇంత చిన్న సంగతి! గాజుకు గాజు నేరుగా తగలాలి. దారంతో నేను ఒక్కో గాజు నోటికీ గుడ్డ కట్టేశాను. స్వామి ఎదుటే నవ్వొచ్చింది. ఆగిన హారతి పూర్తి చేసి, ఆలస్యానికి క్షమించమని, చెప్పినందుకు దండమని రెండూ ఒకేసారి అనుకున్నాను.

చిన్న గాజు పూసలైతే మోగుతాయి, పగలవు అనుకుంటూ మర్నాడు మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. సందులో పూసల దుకాణం ఒకటుంది. సంచుల్లో ప్లాస్టిక్ పూసలూ గాజు పూసలూ ఒకేలా మెరుస్తాయి. చెంపకు ఆనిస్తే తేడా తెలుస్తుంది, గాజు చల్లగా తగులుతుంది. ఆనించి చూసి, గుప్పెట్లో పోసి చెవి దగ్గర ఆడిస్తుంటే దుకాణం ఆమె వింతగా చూసింది.

"ఏందమ్మా, అందరు రంగు చూస్తరు. నువ్వేంది చెవి పెట్టినవ్?"

"మోగేవి కావాలి తల్లీ."

"మోగేటివా? సెల్‌ఫోన్ల దుకాణం పక్క సందుల ఉన్నది," అని తనే నవ్వి, నా సంగతంతా విన్నాక లోపలి నుంచి ఒక తీగ చుట్ట తెచ్చింది. స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉండే సన్నటి ఉక్కుతీగ అది. లాగితే తెరుచుకుంటుంది, వదిలితే మళ్లీ తన గుండ్రానికే వస్తుంది. చెయ్యి దూర్చక్కర్లేదు, మణికట్టు చుట్టూ తిప్పితే చాలు. దాన్ని చేతిలో తెరుస్తూ మూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లు చల్లగా ఉండాలి అనుకున్నాను.

ఇంటికొచ్చి ఆకుపచ్చ గాజు పూసలు తీగ నిండా ఎక్కించి, రెండు కొసలూ గుచ్చుకోకుండా పట్టకారుతో మెలిపెట్టి, ఊపాను. చప్పుడు లేదు! ఒక నిమిషం ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత తీగను దీపం వెలుగులో పెట్టి చూశాను. పూసలు ఇరుక్కుని కూర్చున్నాయి. కదలడానికి చోటు లేనివి ఎలా మోగుతాయి? ఒక కొస విప్పి కొన్ని పూసలు తీసేసి, కాస్త ఖాళీ వదిలాను. అప్పుడు ఊపితే పూసలు జారి ఒకదానికొకటి తగిలాయి. గాజుల చప్పుడు కాదది. దానికి చెల్లెలి వరస. అమ్మ ఎప్పుడూ "చూసి చెప్పు" అనేది. విని చెప్పడం నాకు అవ్వ నేర్పింది.

శుక్రవారం కింద హాల్లో చుట్టాలు నిండిపోయారు. ఆ అమ్మాయిని పట్టుచీరలో పీట మీద కూర్చోబెట్టి గంధం పూశారు, కుంకుమ పెట్టారు. గాజుల వేళ రాగానే ఆమె ముఖం బిగుసుకుంది, చేతులు పైట కిందికి పోయాయి. నా పళ్లెంలోంచి అవ్వ ఒక చుట్ట తీసి, ఒక పూసను పంటితో కొరికి చూసింది.

"గాజేనా?"

"గాజే అవ్వా."

"మరి పగుల్తదా?"

అబద్ధం చెప్పలేను. "రాయి పెట్టి కొడితే పగులుతుంది. చేతికి తొడిగితే మాత్రం పగలదు. నొక్కాల్సిన పనే లేదు."

అవ్వ తీగ తెరిచి చూపించింది. ఆ అమ్మాయి చూసింది. తీగ మళ్లీ మూసుకోవడం చూసింది. ఎవరూ అడక్కుండానే దాచుకున్న చేతిని పైటలోంచి బయటికి తీసి ముందుకు చాపింది. అవ్వ మణికట్టు చుట్టూ తిప్పింది. అక్క ఇంకొకటి వేసింది. అటూ ఇటూ నా దారం గాజులు అంచులా నిలబడ్డాయి. ముత్తైదువలంతా తలొకటి వేశాక, అవ్వ ఆమె చేతిని పొట్ట మీదకు తెచ్చి మెల్లగా ఊపింది. పూసలు జారాయి, తగిలాయి.

"ఏమన్నడు లోపల?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పండుకున్నోణ్ణి లేపిన్రు. తంతున్నడు," అంది ఆ అమ్మాయి. నవ్వింది, ఈసారి చెయ్యి వెనక్కి పోలేదు.

అవ్వ నా వైపు తిరిగి, "గాజులంత లేదు," అంది. తర్వాత, "గానీ పిల్లకు వినవడ్తది," అంది. నాకు అది చాలు.

పుట్టింది ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చాక మంగళవారం కర్మన్‌ఘాట్ వెళ్లి హనుమంతుడికి తమలపాకుల దండ వేయించి వచ్చాను. వాపు తగ్గి ఆ అమ్మాయి చేతులు మళ్లీ సన్నబడ్డాయి. ఇప్పుడు మామూలు గాజులే వేసుకుంటుంది. పూసల చుట్ట ఒకటి ఉయ్యాల గొలుసుకు వేలాడుతుంది.

మొన్నొక రోజు పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ చుట్ట ఊపాను. ఠక్కున ఆపి తల తిప్పింది. "చూసినవా, గుర్తు పట్టింది," అంది అవ్వ. నేను ఊరుకోలేక వంటింట్లోంచి స్టీలు చెంచా తెచ్చి గిన్నె మీద తట్టాను. దానికీ తల తిప్పింది.

"మా బిడ్డకు గప్పుడే పరీక్షలు పెట్టకు," అని అవ్వ చెంచా లాక్కుంది.

అంతలో తల్లి వచ్చి చేతి గాజులు గలగలమంటుండగా పాపను ఎత్తుకుంది. భుజం తగిలి ఉయ్యాల ఊగింది, దాంతో పూసలూ మోగాయి. పాప నవ్వింది. ఏ చప్పుడుకు నవ్విందో నాకు ఇంకా తెలియదు.