కాళ్ళున్న తామర

ఎదురుపడిన మనిషికి కొందరు నమస్కారం పెడతారు, కొందరు నవ్వుతారు. వెంకటప్పయ్య గారు గోక్కుంటారు. పెళ్ళిపందిరైనా సరే, పంచాయతీ అరుగైనా సరే, పరపరా గోక్కుని, "పాడు తామరండీ, నన్నొదలదు" అని నలుగురికీ వినపడేలా చెబుతారు. ఆ పైన జేబులోంచి చిన్న సీసా తీసి, చుక్క నూనె రాసుకుని, ఆ సీసాను అక్కడే మర్చిపోయి వెళ్ళిపోతారు.

ఎనభై ఆరులో పినపాక దగ్గరి ఆ ఊరి సబ్‌సెంటరుకు నర్సుగా వచ్చిన ప్రమీలారాణికి మొదటి రోజే ఈ దర్శనమైంది.

ఆయన కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చిన రైతు. అందరూ మిరప వేస్తే ఆయన రెండెకరాల్లో నిమ్మగడ్డి వేశారు. పెద్ద రాగి కాగులో గడ్డి కుక్కి కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలోకి ఎక్కి, చల్లబడి, చుక్కచుక్కగా దిగేది. నీళ్ళ మీద పసుపుపచ్చ నూనె తేలేది. ముసురు పట్టిన పొద్దుటిపూట ఆ వాసన అడవి మంచుతో కలిసి మెల్లగా ఊరి మీదికి వచ్చేది. ప్రమీలారాణి కళ్ళు మూసుకుని మంచం మీదే ఉండిపోయేది. కల ఎక్కడ అయిపోయిందో, ఊరు ఎక్కడ మొదలైందో ఆమెకు తెలిసేది కాదు. కాసేపు తన దురద కూడా మర్చిపోయేది.

అవును, ఆమెకీ తామరే. ఎడమ నడుం మీద, లంగా బొందు ఒరుసుకునే చోట, రూపాయి బిళ్ళంత. నర్సుకే తామరని తెలిస్తే ఊళ్ళో ఇంకెవరైనా తన చేత సూది వేయించుకుంటారా? సబ్‌సెంటరులో మందు ట్యూబులు అయిపోయాయి. కొత్తవి కావాలంటే రోగుల పేర్లు రాసి పంపాలి. ఊళ్ళో దురద లేదన్నవాళ్ళే కానీ ఉందన్నవాళ్ళు లేరు.

పక్కింటి జంపయ్యకైతే వెంకటప్పయ్య గారి పేరెత్తితే చాలు, నవ్వాగదు.

"ఆ నూనె మంచిదైతే ముసలాయనకే ఎందుకు తగ్గది సిస్టరమ్మా? నా తానకొస్తే మెడ గోక్కుండు. గంగక్క ఇంటికాడ నడుము గోక్కుండు. ఆయన తామరకు కాళ్ళున్నయ్!"

"మరి సీసా ఏం చేసినవ్?"

"మర్చిపోయి పోయిండుగా. పారేస్తమా? రాసిన."

"ఎవరికి?"

జంపయ్య చెయ్యి మెడ మీదికి పోయి, చటుక్కున కిందికి దిగింది. "ఎడ్లకు" అన్నాడు.

మర్నాడు వెంకటప్పయ్య గారు సబ్‌సెంటరుకే వచ్చి, బల్ల మీద కూర్చుని, ఎడమ నడుం గోక్కున్నారు. సరిగ్గా అక్కడే! ప్రమీలారాణి గబుక్కున కొంగు నడుం మీదికి లాక్కుంది.

"ఈసారి ఇక్కడ పట్టుకుందమ్మా. ఉత్త నూనె రాస్తే మండుద్ది, అందుకని కొబ్బరినూనెలో కలిపా. స్నానం చేసి, తడి లేకుండా తుడుచుకుని రాసుకోవాలి" అని, కాస్త ఆగి, "నేనే లే" అన్నారు.

సీసా బల్ల మీద మర్చిపోయారు. ప్రమీలారాణి తలుపు వేసుకుని రాసుకుంది. వారానికి దురద సగానికి దిగింది.

ఒకరోజు ఆయన గోక్కోకుండా వచ్చారు. అది చూసి ఆమెకు భయమేసింది.

"గంగక్కకి పుండు పడిందమ్మా. నాట్లలో రోజంతా తడిచీరతో నిలబడి, గోకి గోకి చీము పట్టించుకుంది. కూలికి కూడా పోలేకపోతోంది. దానికి నా నూనె పనికిరాదు, డాక్టరే చూడాలి."

"శుక్రవారం బడిలో క్యాంపు ఉంది కద బాబాయ్."

"వస్తది. నోరు మాత్రం విప్పదు."

అన్నట్టే అయింది. శుక్రవారం ఊరంతా బడి వరండాలో చేతులు కట్టుకుని నిలబడింది. "దురద ఎవరికి?" అని డాక్టరు అడిగితే ఒక్కరూ పలకలేదు. వెనక నిలబడ్డ గంగక్క నేల చూపులు చూస్తోంది.

"ఎవరికీ లేదా? అయితే జీపు తియ్యవయ్యా" అన్నాడు డాక్టరు.

వెంకటప్పయ్య గారు బనియను చిరిగిపోయేలా గోక్కుంటూ ముందుకొచ్చారు. డాక్టరు టార్చిలైటు వేసి ముందూ వెనకా చూశాడు.

"ఏదీ? ఏమీ లేదే! పసిపిల్లాడి ఒళ్ళులా ఉంది."

"నిన్నటిదాకా ఉందండీ!"

ఊరు గొల్లుమంది. పెద్దాయన ముఖం చిన్నబోయింది. గంగక్క కొంగు కప్పుకుని ఇంటి దారి పట్టింది.

జీపు బుర్రుమంది. ఇంకొక్క నిమిషం ఆగితే అంతా అయిపోతుంది. ప్రమీలారాణి కళ్ళు గట్టిగా మూసుకుని, ఊరంతా చూస్తుండగా ఎడమ నడుం పరపరా గోక్కుంది.

"నాది చూడండి సార్. రెండు నెలల సంది ఉంది. సిగ్గయి చెప్పలే."

వెళ్తున్న గంగక్క వెనక్కి తిరిగింది.

"సిస్టరమ్మకు గూడనా? ఏందమ్మా, ముందుగాల చెప్పొద్దా!" అని కసురుకుంటూ, తనే ముందుగా తెర చాటుకు నడిచింది. ఆమె వెనక వరస కట్టారు. అందులో జంపయ్య కూడా ఉన్నాడు.

"ఎడ్లకా?" అంది ప్రమీలారాణి.

"అవ్. ఆ ఎడ్లు నేనే" అన్నాడు జంపయ్య.

గంగక్కకు సూది వేసి, మాత్రలిచ్చి, పుండు తడవకుండా చూసుకుంటే పదిరోజుల్లో మానుతుందన్నాడు డాక్టరు. పేర్ల జాబితా రెండు కాగితాలైంది. మొదటి పేరు ప్రమీలారాణిదే.

సాయంత్రం వెంకటప్పయ్య గారు సబ్‌సెంటరు మెట్ల మీద కూర్చున్నారు. తడిసిన గాలిలో నిమ్మగడ్డి వాసన తేలుతోంది.

"బాబాయ్, అసలు మీకు తామర ఎప్పుడన్నా వచ్చిందా?"

"ఒక్కసారి. పాతికేళ్ళప్పుడు. ఎవరికీ చెప్పుకోలేక ఏడాదిపాటు చచ్చానమ్మా."

ఆమెకు ఆయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన మాత్రం, "ఇవాళ్టితో తగ్గిపోయింది లే" అని చేతులు దులుపుకుని లేచారు.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చారు. గోక్కోవడం లేదు, ఖళ్ళు ఖళ్ళుమని దగ్గుతున్నారు.

ప్రమీలారాణి రిజిస్టరు మూసింది.

"ఎవరికి బాబాయ్ దగ్గు?"

ఆయన అటూ ఇటూ చూసి, "జంపయ్య మామగారికి. నెలైంది. చెప్పడు" అన్నారు.

ఆమె చెప్పులు వేసుకుంది. గడప దాటబోతూ, ఎలా వస్తుందో చూద్దామని, తనూ రెండుసార్లు దగ్గింది.