రొట్టెల బండికి ఇరుసు

పాత గ్రీజు కిరోసిన్‌లో కరిగేటప్పుడు ఒక మడ్డి వాసన వస్తుంది. ముక్కును పట్టుకుంటే సాయంత్రం దాకా వదలదు. ఈ పొద్దున నా షెడ్డులో ఎవరిదో పాత కారు చక్రం హబ్బును రేకు తట్టలో నానబెట్టి బ్రష్షుతో రుద్దుతున్నాను. వీధి చివరి బేకరీలో రొట్టె దించినట్టున్నారు, ఆ వేడి పిండి వాసన కూడా వచ్చి దీంట్లో కలిసింది. ఈ రెండూ ఒక్కసారి తగిలితే నాకు పని సాగదు. రాహేలమ్మ గుర్తొస్తుంది. బ్రష్షు పక్కన పెట్టి కాసేపు కూర్చోవలసిందే.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. బిగించి కట్టిన ముడి, మోచేతుల దాకా పిండి. భర్త పోయాక కాజీపేటలో బేకరీని ఆమే నడిపింది. డెబ్బైల చివర్లో నేను ఆమె దగ్గర డ్రైవరుగా చేరాను. చేరిన రోజున బండి ఏదమ్మా అని అడిగితే, వెనుక రేకుల పాకలోకి తీసుకుపోయి చూపించింది. ఇంగ్లండు నుంచి వచ్చిన డబ్బా బండి అది, రెండో యుద్ధానికి ముందుది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనుక రొట్టెల కోసం రేకు డబ్బా, దానికి రెండు తలుపులు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ముందు ఇరుసు మాత్రం విరిగి ఉంది. ఇంజను తిప్పే హ్యాండిల్ లేదు, చక్రాల మూతలు లేవు. గుర్రం లేకుండానే జీను కట్టినట్టుంది నా ఉద్యోగం అనుకున్నాను.

ఆమె తొందరకు కారణం ఉంది. మిషన్ దవాఖానలో రోగుల పొద్దుటి నాస్తాకు రొట్టెలు మా బేకరీవే. రిక్షా మీద పంపేవాళ్ళం. వానాకాలంలో ఎంత కప్పినా తడిసేవి. తడిసిన రొట్టె రోగికి ఎలా పెడతారు? దవాఖాన వాళ్ళు ఓపిక పట్టి, చివరికి ఈ వానలకు కూడా ఇలాగే అయితే వేరే చోట తెప్పించుకుంటామని మర్యాదగానే చెప్పారు. ఆ ఆర్డరు పోతే బేకరీలో సగం మంది ఇంటికి పోవాలి. కొత్త బండి కొనే తాహతు ఆమెకు లేదు. కాబట్టి వానలు పడేలోగా ఈ బండే నడవాలి.

అలాంటి బండ్లు మా జిల్లాకు రెండే వచ్చాయట. రెండోది సోడాలు పంచేవాళ్ళది, ఎప్పుడో తుక్కుకు పోయింది. దాన్ని విప్పి అమ్మిన మహబూబ్ భాయ్ మండిబజారులోనే ఉన్నాడని తెలిసి ఇద్దరం వెళ్ళాం.

"మోటర్ సచ్చిపోయింది గని సామాను సావలేదమ్మా," అన్నాడు ఆయన చాయ్ తెప్పిస్తూ. "తలా ఒక తాన పనిల వడ్డయి. హ్యాండిల్ కొత్తవాడల ఉన్నది. మూతలు పరకాలల. ముందు ఇరుసు రఘునాథపల్లి అవతల ఐలయ్య అనే రైతు కొనుక్కపోయి ఎడ్లబండికి ఏసుకున్నడు."

ముందు కొత్తవాడకు వెళ్ళాం. జంపఖానాలు నేసే ఒక పెద్దాయన ఆ హ్యాండిల్‌ను మగ్గం దోనె కర్రకు బిగించుకుని, నేసిన గుడ్డ చుట్టుకోవడానికి తిప్పుతున్నాడు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. కొని సంచిలో వేసుకుని పోదామనుకున్నాను. రాహేలమ్మ మాత్రం మగ్గం పక్కన చతికిలబడింది.

"ఇది తీస్తె నీ మగ్గం ఆగుతదా, పెద్దయ్యా?"

"ఆగుతది బిడ్డా. కమ్మరాయనతోని ఇంకోటి చేపియ్యాలె."

"అయితె ముందుగాల అది చేపిద్దాం. అది మంచిగ తిరిగినంక ఇది ఇయ్యి."

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "కొనుక్కుంటానం గదమ్మా, దొంగతనం చేస్తలేం గదా," అన్నాను.

"కొన్నా సరే. ఆయన పని ఆపి నా పని నడుపుకుంటనా, కొమురయ్యా?"

అది ఆమె పద్ధతి. పని చేస్తున్న వస్తువును తీసుకోవాలంటే దాని బదులు పని చేసేదాన్ని ముందు పెట్టాలి. అంతటితో అయిపోదు, కొన్నాళ్ళకు మళ్ళీ పోయి ఆ బదులు ఇచ్చినది పని చేస్తోందో లేదో కళ్ళతో చూసి రావాలి. పరకాలలో ఒక చాయ్ హోటలాయన మన చక్రం మూతను పాలగిన్నె మీద మూతగా వాడుతున్నాడు. కొత్త మూత కొనిచ్చాం. రెండో వారం చూడ్డానికి పోతే, "లోపటికి జారుతాంది, ఇదేం మూతమ్మా," అని దులిపేశాడు. ఈమె ఇంకో మూత పట్టుకుని మళ్ళీ పరకాల బస్సెక్కింది. ఇదెక్కడి చాదస్తం తల్లీ అని నేను తల కొట్టుకున్నాను. ఎండలు ముదిరి మబ్బులు కూడా మొదలయ్యాయి మరి.

ఐలయ్య మెత్తని మనిషి. ఆయన బండి కింద మా ఇరుసు నల్లగా నిగనిగలాడుతోంది. దాని బదులుగా మహబూబ్ భాయ్ దగ్గర ఇంకో పెద్ద వ్యాను ఇరుసు వెదికి పట్టాం. దానికంటే లావు, దానికంటే బలం. నేనే దగ్గరుండి బిగించాను. రాహేలమ్మ బండెక్కి నిలబడి అటూ ఇటూ ఊపి చూసింది. ఐలయ్య ఎద్దులను కట్టి ఊరి ముందు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తల ఊపాడు. మా ఇరుసు మేం తెచ్చుకున్నాం.

మా బండి నడిచింది. హ్యాండిల్ కొడితే ముందు దగ్గి, తర్వాత గురక పెట్టి, చివరికి దారికొచ్చింది. తొలకరి వానలో దవాఖాన ముందు ఆపి వెనుక తలుపులు తెరిస్తే రొట్టెలు పొడిగా, ఇంకా వెచ్చగా ఉన్నాయి. అక్కడి నర్సమ్మ ఒక రొట్టెను చెంపకు ఆనించుకుని నవ్వింది. నా ఉద్యోగం నిలబడిందని ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది.

రొట్టెలు దింపాక ఒక రోజు ఆమె, "ఐలయ్య బండి చూసొద్దాం పా," అంది. మన బండిలోనే పోయాం, ఆయనకు చూపించినట్టూ ఉంటుందని. పోయేసరికి ఆయన బండి వాకిట్లో నొగలు పైకెత్తి పడి ఉంది. ఒక ఎద్దు మోకాలికి పసుపు రాసి గుడ్డ కట్టి ఉంది. గొడ్ల కొట్టం పక్కన పెంటకుప్ప అలాగే ఉంది, చేనుకు చేరలేదు.

"ఏం కాలేదమ్మా. ఇరుసు మంచిగనే ఉన్నది, నాకే తోలరాలే," అన్నాడు ఐలయ్య.

గడపలో కూర్చున్న ఆయన భార్య లచ్చమ్మ ఊరుకోలేదు. "పుట్టినకాంచి బండి తోలెటోనికి తోలరాకపోవుడేంది? మా చెలక బాట ఇరుకమ్మా. కట్టె గీరెల బండ్లు తొక్కి తొక్కి గాడి పడ్డది. పాత ఇరుసు ఆ గాడిల సక్కగ పోయేది. మీరేసింది జానెడు ఎడల్పు. ఒక గీరె గాడిల ఉంటె ఇంకోటి గట్టెక్కుతాంది. వానకు జారి పెంటబండి బోర్లపడ్డది. ఎద్దు మోకాలు కొట్టుకపోయింది."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బరువు మోస్తుందా అని చూశాం, చక్రం తిరుగుతుందా అని చూశాం. తారు రోడ్డు మీద తిరిగేవాళ్ళం, బండ్ల బాటకు కూడా ఒక కొలత ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు.

"జర ఆగు ఐలన్నా, సరిపోయేది ఎక్కడున్నా దేవులాడి తెస్త," అన్నాను.

"ఆగుతమన్నా," అన్నాడు ఆయన, పాపం.

రాహేలమ్మ పెంటకుప్ప వైపు చూసింది. "నువ్వాగుతవు ఐలయ్యా. వాన ఆగుతదా?" అంది. నా వైపు తిరిగి, "ఇప్పు," అంది.

"అమ్మా, రేపు మన రొట్టె తడుస్తది."

"తడుస్తది," అంది ఆమె.

మా బండిని ఐలయ్య వాకిట్లో ఇటుకల మీద నిలబెట్టి ఇరుసు విప్పాను. నట్టు నట్టుకూ లోపల తిట్టుకున్నాను. ఆ పెద్ద ఇరుసు మా బండి స్ప్రింగు పట్టీలకు కుదరదు, అంటే బండి ఇక అక్కడే. మా ఇరుసును తన బండికి బిగించాక ఐలయ్య పక్కింటి ఎద్దును అడిగి తెచ్చి బండి కట్టాడు. చక్రాలు గాడిలోకి దిగి, దారం సూదిలోకి పోయినట్టు పోయాయి. మేం రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం.

బస్సులో ఆమె ఏడ్చింది. కొంగుతో దాచుకోను కూడా లేదు. "నాకు ఆ బండి కావాలనే ఉన్నది కొమురయ్యా. శానా కావాలనే ఉన్నది," అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు కోపంగా ఉంది.

తర్వాత మళ్ళీ రిక్షాలు, మళ్ళీ టార్పాలిన్లు. అంత కొలతది ఇంకో ఇరుసు కోసం హైదరాబాద్ దాకా తిరిగాను, దొరకలేదు. బతుకమ్మ పండుగ రాకముందే దవాఖాన ఆర్డరు పోయింది. బేకరీలో పనివాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. నన్ను మాత్రం ఆమే వెంటబెట్టుకుని పోయి, ఒక రైసు మిల్లు షావుకారికి చెప్పి లారీ మీద పెట్టించింది. ఆఖరి రోజున అడిగేశాను. "ఐలయ్య నీకు ఏమైతడమ్మా? మేం ఏం కామా?"

"మీకు అన్యాయమే చేసిన," అంది. సర్దిచెప్తుందేమో, యేసయ్య మాటేదో తెస్తుందేమో అని చూశాను. తేలేదు. పిండి కలుపుకుంటూ ఉండిపోయింది.

ఎనభైలలో లారీ మీద ఆ దారిన పోతూ ఒకసారి ఐలయ్య ఊళ్ళో ఆగాను. మా బండి కనిపించలేదు. అదీ పోయింది, తలా ఒక చోటికి. వెనుక ఇరుసు కూడా ఆ గాడికి సరిపోతుందని రాహేలమ్మను అడిగి ఐలయ్య తమ్ముడు బండి చేయించుకున్నాడట. డబ్బా తలుపులు గొడ్ల కొట్టానికి తలుపులయ్యాయి. డబ్బాలో లచ్చమ్మ కోళ్ళను మూస్తోంది. కాజీపేటకు వచ్చి చెప్పాను. అప్పటికి ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మంచం మీదే ఎక్కువ. అంతా విని, "తమ్ముని బండి నడుస్తాందా?" అని అడిగింది. నడుస్తోందన్నాను. "నువ్వు చూసినవా?" అంది. చూడలేదు, ఐలయ్య చెబితే విన్నాను. "చూసి రా," అంది. నవ్వొచ్చింది నాకు, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మరుసటి వారం పోయి, ఆ బండి వెనకాలే చెలక దాకా నడిచి చూసి వచ్చాను.

పాత బండ్లకు సామాను వెదికిపెట్టడమే తర్వాత నా బతుకైంది. ఆ రోజు ఆమె చేసింది సరైనదేనా అంటే నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ ఏడు నా ఇంట్లో పిల్లలు గంజి తాగారు. బేకరీలో పనిచేసిన వాళ్ళలో ఇద్దరు ఊరే విడిచిపోయారు. వాళ్ళను తలుచుకుంటే ఆమె మీద కోపం ఈనాటికీ వస్తుంది. కానీ పనిలో ఉన్న వస్తువును, అవతలి మనిషి పని ఆగుతుందని తెలిసి విప్పబోతే, నట్టు మీద పానా పెట్టి కూడా నాకు చెయ్యి ఆడదు.