కడిగిన ఉప్పు

గుడుపల్లె పక్క పల్లెలో ఆశా కార్యకర్త మునీశ్వరి ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది ఉప్పే. చిటికెడు ఉప్పు మీద చిన్న సీసాలోని మందు ఒక చుక్క వేస్తుంది. ఊదారంగు తిరిగితే అందులో అయోడిన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు.

ఆ ఉదయం ఎందుకో సొంత ఇంటి ఉప్పుజాడీ మీదికి మనసు పోయింది. కోడలు సుమలతకు నాలుగో నెల. కడుపులో బిడ్డ మెదడు ఎదగాలంటే అయోడిన్ కావాలని ఊరంతా చెప్పే మనిషి, తన వంటింట్లో ఏనాడూ చూసుకోలేదు. చుక్క వేసింది. ఉప్పు తెల్లగానే ఉంది.

జాడీ చంకన పెట్టుకుని నేరుగా అంగడికి పోయింది.

"ఏమప్పా ముద్దుకృష్ణా, నువ్వు అమ్మేది మనుషుల ఉప్పా, గొడ్ల ఉప్పా? నా కోడలు కడుపుతో ఉండాదని తెలీదా నీకు?"

"యాలమ్మా పొద్దున్నే గొంతు సించుకుంటావు? నువ్వు కొనేది ఈ రాళ్లుప్పు ప్యాకెట్టే కదా. సించి సూడు. తెల్లగుంటే అంగడి మూసేస్తా."

ప్యాకెట్టు చించి చుక్క వేసింది. కళ్లముందే ఊదారంగు కమ్ముకుంది.

"ఇప్పుడు సెప్పమ్మా, నా అంగడి మూసేదా, నీ నోరు మూసేదా?"

మునీశ్వరికి నవ్వు రాలేదు. ప్యాకెట్టుకూ జాడీకీ నడుమ ఏం జరుగుతోందో అప్పుడు తట్టింది. తను ఉప్పు కడుగుతుంది.

అమ్మ అంజమ్మ నేర్పిన పని అది. అప్పట్లో అరవనాడు నుంచి ఉప్పుబండి వచ్చేది. రాగులు పోస్తే ఉప్పు కొలిచేవాళ్లు, అందులో బోలెడు మన్ను. అమ్మ దాన్ని వెదురుగంపలో పోసి, నీళ్లు చల్లి గబగబా కుదిపి, ఇంటిముందు బండ మీద పాతచీర పరిచి ఆరబోసేది. కోళ్లను తోలడం మునీశ్వరి పని. ఎండకు మెరిసే రాయొకటి దొంగతనంగా బుగ్గన పెట్టుకుంటే అమ్మ కసురుతూనే నవ్వేది. నవ్వగానే మెడ మీది వాపు కదిలేది. వెంటనే కొంగు పైకి లాక్కునేది. గొంతుకాయ అంజి అని వెక్కిరించిన ఊళ్లో, ఆ ఉప్పులో ఏం తక్కువైందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన సర్కారు ఆ గడప తొక్కలేదు. కూలోళ్ల మెడలు ఎవరికి పట్టాయి?

ఇప్పటి ఉప్పులో మన్ను లేదు. అయినా మునీశ్వరి అమ్మలాగే కడిగి, తన ఇంటిముందు బండ మీద ఆరబోస్తూ వచ్చింది. రాళ్లకు పట్టించిన అయోడిన్ ఆ నీళ్లతోపాటే పెరట్లోకి పోయింది.

మర్నాడే కోడలిని కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయింది. "నా బిడ్డకేమన్నా అయితాదా అత్తా?" అని బస్సులో సుమలత పదిసార్లు అడిగింది. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ భయం లేదంది, ఇకమీదట కడగొద్దని గట్టిగా చెప్పింది.

ఆ వారం అంగన్‌వాడీలో తల్లుల ముందు మునీశ్వరి తన జాడీనే పెట్టింది. "ఈ తెల్లగుండేది నా ఇంటి ఉప్పే. నేనే కడిగి అయోడిన్ పోగొట్టినా. మీరు ఆ పని సేయొద్దండమ్మా."

"ఇన్నేండ్లూ మా జాడీలకే వంక పెట్టినావు కదక్కా!" అని వెనక కూర్చున్న తల్లుల్లోంచి రేవతి అంది. అందరూ నవ్వారు, మునీశ్వరి కూడా.

ఇంటికొచ్చి కొత్త ప్యాకెట్టు నేరుగా జాడీలో పోసి మూత బిగించింది. అలవాటు కొద్దీ బండ వైపు చూసింది. ఖాళీ బండ మీద ఒక కోడి తిరుగుతోంది. తోలడానికి చెయ్యి లేచింది, మళ్లీ దిగింది.