వైట్‌ఫీల్డ్ బస్సులో వద్దన్న మాటలు

చాలా ఏళ్ళ క్రితం బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వెళ్ళే బస్సులో, నా పక్కన అనంతపురం కుర్రవాడొకడు కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ సాయంత్రం వాళ్ళ ఆఫీసులో ఒకమ్మాయికి ఫేర్‌వెల్. ఆమె పుణె వెళ్ళిపోతోంది. ఇతనేమో ఇన్నాళ్ళూ తన మనసులో మాట చెప్పలేదు.

"అందరి ముందర ఆమె గురించి ఇంగ్లీషులో ఒక మంచి మాట చెప్పల్ల అంకుల్," అన్నాడు.

మా ఊరి గ్రంథాలయంలో నిఘంటువులన్నీ తిరగేసినవాణ్ణి, ఊరుకుంటానా? చార్మింగ్ అను అన్నాను.

"వద్దంకుల్, హెచ్ఆర్ వాళ్ళు పిలుస్తారు."

పోనీ గ్రేస్‌ఫుల్?

"అది డాన్సు చేసేవాళ్ళకి."

ఎలిగెంట్?

"చీరను పొగిడినట్టుంటాది."

ఒక్కో మాటకూ ఉన్న తేడా ఓపిగ్గా విడమరిచి చెప్పాను. అతను కిటికీలోంచి ట్రాఫిక్ చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మరేమంటావయ్యా?"

"వెరీ హార్డ్‌వర్కింగ్ అంటా."

"ఆ మాట ఎద్దును కూడా అనొచ్చు కదయ్యా."

అతను తల దించుకుని నవ్వాడు. "లాస్టియర్ నా బర్త్‌డేకి అందరూ ఏందేందో అన్నారు అంకుల్. ఆమె నన్ను ఆ ఒక్క మాటే అనింది. ఇప్పుడు నేనంటే ఆమెకు అర్థమైతాది."

నా స్టాపు వచ్చింది. ఎన్‌చాంటింగ్ అనే మాట నాలుక మీదే పెట్టుకుని దిగిపోయాను.