వెళ్ళొస్తానన్న మాట

పొద్దున్న మూకుడులో బార్లీ వేయిస్తున్నాను. గింజలు గోధుమరంగు దాటి నల్లబడబోయే ముందు ఒక వాసన వస్తుంది, కాస్త కాఫీలా, కాస్త మాడిన పేలాల్లా. ఆ వాసన తగలగానే నా చెవి దానంతటదే గోడవైపు తిరుగుతుంది. జెర్సీ సిటీలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది పేరుకే గోడ. అవతల సుమియే గారు బార్లీ టీ కాచుకుంటూ గొంతు సవరించుకునేవారు, మన సరళీ స్వరాల్లాంటివేవో పాడుకునేవారు. ఇప్పుడక్కడ ఎవరో కొత్త జంట ఉంటున్నారు. వాళ్ళ టీవీ వినిపిస్తుంది. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు గానీ ఆ టీవీ అంటే నాకు ఒళ్ళుమంట.

సుమియే గారు జపాన్ నటి, గాయని. చిన్నతనంలోనే ఒసాకాలో ఒక నాటక కంపెనీలో చేరి పాడారు. ఆవిడ రికార్డులు ఒకప్పుడు అక్కడి టీకొట్లలో మోగేవట. సినిమాల్లో హీరోయిన్ కాలేకపోయారు, హీరోయిన్ స్నేహితురాలి వేషాల దగ్గరే ఆగిపోయారు. ఒక సంగీత నాటకంలో పాడటానికి న్యూయార్క్ వచ్చి, పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. నేను ఎరిగేనాటికి భర్త లేరు. పిల్లలు కలగలేదు. ఇక్కడి సినిమాల్లో ఆవిడకి దొరికినవన్నీ ఒకే మూసలో పోసిన వేషాలు. సైనికుణ్ణి ప్రేమించిన పిల్ల, బార్‌లో పాడే పిల్ల, ఆసుపత్రిలో నర్సు. ఎవరైతేనేం, చివర్లో చచ్చిపోవడమో వదిలిపోవడమో ఖాయం. పోయేముందు "సయొనారా" అనడమూ ఖాయం.

ఆ సంగతి నాకు లిఫ్ట్ దగ్గర తెలిసింది. మేము ఆ బిల్డింగ్‌లోకి వచ్చిన కొత్తలో, ఆఫీస్‌కి బయల్దేరుతూ గుమ్మంలోంచి మా ఆయనకి "వెళ్ళొస్తా" అని కేకేశాను. లిఫ్ట్ కోసం నిలబడ్డ ఆవిడ, "ఇప్పుడేమన్నావు?" అని అడిగారు. గడప దాటేటప్పుడు పోతానని అనకూడదు, తిరిగొస్తానని కూడా కలిపి చెప్పాలి, మా వాళ్ళ పద్ధతి అని చెప్పాను. వచ్చిన లిఫ్ట్‌ని ఆవిడ వదిలేశారు.

"మా ఇంట్లోనూ అంతే. ఇత్తెకిమాస్ అంటాం. వెళ్ళి వస్తాననే! ఇంట్లో ఉన్నవాళ్ళు ఇత్తెరస్షాయ్ అనాలి."

"వెళ్ళి రా అనా?"

"అచ్చం అదే. సయొనారా అని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఇక తెగిపోయింది అన్నట్టుంటుంది ఆ మాట. నేను మాత్రం సినిమా సినిమాకీ అదే అన్నాను."

మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. ఎందుకో మరి, నాకు గుర్తున్నదంతా తెలుగులో ఉంది. నేను గారు అని పిలుస్తుంటే అదేమిటని అడిగి తెలుసుకుని, "మేము పేరు చివర పెట్టే సాన్ లాంటిదన్నమాట. ఉంచేయ్," అన్నారు.

నా పేరు వాగ్దేవి. ఆఫీసులో ఎవరికీ నోరు తిరగడం లేదని "వీ" అని నేనే కుదించుకున్నాను. ఒకరోజు ఫోన్‌లో అలా చెప్పుకుంటుంటే సుమియే గారు విన్నారు. "నన్నూ ఇలాగే 'సూ' చేశారు. పోస్టర్ల మీదా అదే. ఇప్పుడు నా పేరుతో వెతికితే నేనెక్కడా దొరకను," అన్నారు. తరవాత నా పేరుకి అర్థమడిగారు. మాటకి దేవత అన్నాను. పకపకా నవ్వేశారు. "మాటకి దేవతవై ఉండి ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్నావా?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. మర్నాటి మీటింగ్‌లో నా పేరు పూర్తిగా చెప్పి, అందరిచేతా అనిపించి మరీ వదిలాను. ఆ తరవాత సాయంత్రాలు ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించేవారు. భయం వల్ల నేను వాక్యం చివర మింగేస్తానట. "ఆఖరి అక్షరం దాకా వినబడాలి. నీ మాట నీకే ఇష్టం లేనట్టు మాట్లాడితే వాళ్ళెందుకు వింటారు?" అని కసిరేవారు. ఈ రోజు నేను ఆఫీసులో నలుగురి ముందు నోరు విప్పగలుగుతున్నానంటే ఆ కసుర్ల చలవే.

అలాంటి మనిషికి గొంతులో కాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. తీసేస్తే మాటే ఉండదు, ఇక పాట సంగతి చెప్పేదేముంది. ఆపరేషన్‌కి కొంచెం ముందు ఒక చిన్న సినిమాలో వేషం వచ్చింది. మంచం మీద ప్రాణం విడిచే అమ్మమ్మ. ఒకే ఒక్క డైలాగు. ఏ మాటో వేరే చెప్పక్కర్లేదు.

"నా గొంతు ఇంక రికార్డవడం ఇదే ఆఖరు, వాగ్దేవీ. ఆ మాటతో అవనివ్వను," అన్నారు.

సెలవు పెట్టి ఆవిడ వెంట మాన్‌హటన్ వెళ్ళాను. కెమెరా తిరిగింది. అప్పటికే బొంగురుపోయిన గొంతుతో ఆవిడ "ఇత్తెకిమాస్" అన్నారు. డైరెక్టర్ కుర్రవాడే, మర్యాదస్తుడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "చాలా బాగుంది మేడమ్. కానీ ఎవరికీ అర్థం కాదు. స్క్రిప్ట్‌లో ఉన్నదే చెప్పరా, ప్లీజ్," అన్నాడు. ఆవిడ అర్థం చెప్పి చూశారు. "చనిపోతున్న మనిషి తిరిగొస్తానంటే ఆడియన్స్ కన్‌ఫ్యూజ్ అవుతారు కదా," అన్నాడు. సుమియే గారు తలగడ సరిచేసుకుని మళ్ళీ పడుకున్నారు. ఆ తరవాత వాళ్ళడిగిన మాటే అన్నారు, ఆఖరి అక్షరం దాకా, ఎవరూ వంక పెట్టలేనంత బాగా.

తిరుగు రైల్లో ఉండబట్టలేక, "ఎందుకన్నారు?" అని అడిగాను.

"ఒప్పుకున్న పని. పాడుచేయడం నాకు చేతకాదు," అన్నారు. ఏడ్చింది నేనే.

ఆపరేషన్ అయ్యాక నేను ఆఫీస్‌కి వెళ్తూ ఆవిడ తలుపు దగ్గర ఆగి "వెళ్ళొస్తా" అనేదాన్ని. లోపలినుంచి తలుపు మీద తట్టేవారు. అదే జవాబు. చలికాలం వచ్చేసరికి జబ్బు తిరగబెట్టింది. ఇక చేసేదేమీ లేదన్నారు డాక్టర్లు.

ఆఖరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. పెదవులు కదిలాయి. శబ్దం లేదు. అయినా ఆ మాటేమిటో నాకు తెలిసిపోయింది, ఆఖరి అక్షరం దాకా. కెమెరా ముందు ఉంచనివ్వని మాటను నా ముందు పెట్టారు. దానికి ఇంట్లో ఉన్నవాళ్ళే జవాబు చెప్పాలి. ఆవిడకి ఇంట్లోవాళ్ళంటూ మిగిలింది నేను. తిరిగి రారని నాకు తెలుసు. ఆవిడకి ఇంకా బాగా తెలుసు. ఒక్క అక్షరం మింగకుండా అన్నాను.

"వెళ్ళి రండి, సుమియే గారూ."

ఆ సినిమా చూసినవాళ్ళంతా ఆవిడ ఆఖరి మాట సయొనారా అనుకుంటారు. కాదని చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.