కాయ చూడందే పేరు పెట్టని మా మేడం

మా బాటనీ మేడం పోయారని పోయిన వారం చిత్తూరు బస్టాండులో తెలిసింది. తిరుపతి బస్సు దిగిన పాత క్లాస్‌మేట్ నన్ను చూసి, పలకరింపు కూడా లేకుండా, "మేడం పోయినారే. నిన్ననే అంతా అయిపోయింది" అంది. నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. మా కాలేజీలో పెట్టిన సంతాప సభకు వెళ్లొచ్చాక అది రెట్టింపైంది. అందుకే ఇది రాస్తున్నాను.

సభలో, రిటైరైన మా బాటనీ డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు మైకు పట్టుకుని, "మంచి మనిషి, పాపం. కానీ ధైర్యం చాలదు. ఇంత సర్వీసులో ఒక్క కొత్త మొక్కకైనా పేరు పెట్టలేకపోయింది" అన్నారు. పుత్తూరు నుంచి వచ్చిన మేడం చెల్లెలు ముందు వరసలోనే ఉంది. తల వంచుకుని కొంగు చివర మెలిపెట్టుకుంటూ కూర్చుంది.

మొక్కకు పేరు పెట్టడమంటే ఏమిటో ఆ కాలేజీలో మాకు చెప్పిన మనిషే ఆమె. నల్లదారానికి కట్టిన భూతద్దం ఎప్పుడూ బొడ్డులో దోపుకుని ఉండేవారు. ఒక కొమ్మ మా చేతికిచ్చి, "ఆకులు ఎదురెదురుగా ఉండాయా, ఒకటి విడిచి ఒకటి ఉండాయా? అది తేలకుండా పువ్వు దగ్గరికి పోవద్దమ్మా" అనేవారు. తప్పు చెబితే ఏమీ అనేవారు కాదు. ఊహించి చెబితే మాత్రం కొమ్మ లాక్కునేవారు. "వాసన చూసి చెప్పినావు. మళ్లీ సూడు." ఇప్పుడు నా క్లాసు పిల్లలకు నేనూ అదే చెబుతున్నాను, అదే గొంతుతో.

ఎండబెట్టిన మొక్కను అట్ట మీద కుట్టి, పేరు రాసిన చీటీ అంటించి బీరువాలో దాచేవాళ్లం. ఆ పేరు తప్పని తర్వాత ఎవరికైనా తేలినా, పాత చీటీ పీకకూడదు. పక్కనే తన చీటీ అంటించి సంతకం చేయాలి. ఈ పని చేసేవాళ్లందరూ పాటించే మర్యాద అది.

మా ఫైనలియర్‌లో కొండ మీది లోయలో తెల్లపూల పొద ఒకటి దొరికింది. ఏ పుస్తకంలోనూ అచ్చంగా సరిపోలేదు. కొత్తదే, మీ పేరే పెట్టాలి అని మేమంతా గంతులేశాం. "సొంత పేరు పెట్టుకుంటారా యెవురన్నా" అని నవ్వి, ఆమె చీటీ మీద రాసింది ఇంతే: పేరు తేల్చలేదు, కాయ చూడాలి.

ఆమె సెలవులో ఉండగా హెడ్డుగారు ఆ చీటీ పీకేశారు. అక్కడ కొత్త పేరుతో తన చీటీ అంటించి, కొత్త మొక్కను ప్రకటించాలంటే అప్పట్లో తప్పనిసరైన నాలుగు లాటిన్ వాక్యాలు ఎవరిచేతో రాయించి పత్రికకు పంపేశారు. అచ్చయింది. ఆయనకు శాలువా కప్పారు. మేడం వెనక వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టారు.

వానలు వెలిశాక ఆమె మళ్లీ కొండెక్కి కాయ తెచ్చారు. బ్లేడుతో కోస్తే లోపల మూడు గదులు. దాంతో తేలిపోయింది, ఎవరో తాతల కాలంలోనే పేరు పెట్టేసిన మొక్క అది. ఆమె ఆ పాత పేరే రాసి, హెడ్డుగారి చీటీ పక్కన అంటించారు.

"ఆయనది పీకెయ్యండి మేడం. మీది ఆయన పీకలేదా?" అన్నాను.

"పీకితే యాడ తప్పినామో వెనకొచ్చే వాళ్లకు యెట్ల తెలుస్తాదమ్మా? ఉండనీ."

"అయితే ఊరుకుంటారా?"

"ఊరుకున్నానా? పక్కనే అంటించినాను గదా."

పత్రిక చదివిన బయటివాళ్లు తప్పు పట్టినప్పుడు, ఆమె సరిగ్గా చూసి చెప్పలేదని హెడ్డుగారు నెపం మేడం మీదికి నెట్టారు. ఆ ఏడు ఆమెకు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. అప్పుడూ ఆమె నోరు తెరవలేదు. మొక్కల దగ్గర అంత నిక్కచ్చి మనిషి తన దగ్గరికొచ్చేసరికి ఎందుకంత మెత్తబడిందో నాకు ఇప్పటికీ ఎక్కదు. ఆ విషయంలో ఆమె మీదా కోపమే నాకు.

సభలో లేచి నిలబడ్డాను. "సార్, పాత మొక్కకు కొత్త పేరు పెట్టింది మీరు. పెట్టకుండా ఆగడానికే ధైర్యం కావాల. అది ఆమెకుండింది. ఆ అట్ట పక్కగదిలోనే ఉండాది, రాండి చూపిస్తా."

ఆయన గడియారం చూసుకున్నారు. ఎవరో టీ సిద్ధంగా ఉందని చెప్పారు. అందరూ అటే నడిచారు. మేడం చెల్లెలొక్కతే నా వెంట వచ్చింది.

బీరువా తీసి అట్ట బల్ల మీద పెట్టాను. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు.

"అక్క రాసింది యేది పాపా?"

చూపించాను.

"ఇదో, ఇది ఆయనదా? దీన్ని అక్క పీకలేదా?"

"లేదమ్మా."

హెడ్డుగారి చీటీ అంచు కింద నుంచి గరుకుగా లేచిన కాగితం పొర కొంచెం బయటికి కనబడుతోంది. ఆమె వేలు అక్కడ ఆగింది.

"మరి ఈడ యేముండె?"

"అదీ అక్కదే."

ఆమె ఆ గరుకు మీద అరచెయ్యి బోర్లించి, తలుపు వేయడానికి అటెండరు వచ్చేదాకా అలాగే నిలబడింది.